ఉపా కేసుల్లో బెయిలు: బాంబు పెట్టినవాడికి హక్కులేంటన్న ప్రశ్నకు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2013లో మీరు కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉన్నారు. పేలుళ్ళ శబ్దం మీ చెవులతో విన్నారు. అలాంటి పని చేసినవాడి తరఫున వకీళ్ళు బెయిలు హక్కు గురించి వాదిస్తుంటే మీకు ఒళ్ళు మండుతుంది. అదే సమయంలో మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఉపా కేసులో ప్రొఫెసర్ సాయిబాబా పదేళ్ళు జైల్లో ఉండి నిర్దోషిగా బయటికి వచ్చారని చదివితే ఎక్కడో తేడా కొడుతోంది. దేశ భద్రత ముఖ్యమా, పౌరహక్కులు ముఖ్యమా, ఉగ్రవాద చట్టాల్లో గీత ఎక్కడ గీయాలి అని అడిగారు.

నేను నాంపల్లి కోర్టుల్లో ఇరవై రెండేళ్ళుగా క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా డిఫెన్స్, మధ్యలో కొన్నాళ్ళు ప్రాసిక్యూషన్ వైపు. ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా చట్టం కింద కేసులు నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఒక్కో కేసూ ఏళ్ళ తరబడి నడిచింది కాబట్టి లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూశాను. మీ కోపాన్ని కూడా తేలిగ్గా తీసుకోను. 2007 ఆగస్టు 25 సాయంత్రం నేను కోఠిలో పాత పుస్తకాల షాపులో లా పుస్తకాలు వెతుక్కుంటున్నాను. గోకుల్ చాట్ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. ఆ రోజు అక్కడా, లుంబినీ పార్కులోనూ కలిపి 40 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు రద్దీలో ఎవరైనా బ్యాగు కింద పెడితే చాలు, నాకు గుండె దడదడలాడేది.

అయినా మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగాలి. 'బాంబు పెట్టినవాడికి బెయిలేంటి' అన్నారు. బెయిలు పిటిషన్ విచారణకు వచ్చే రోజున కోర్టు ముందు నిలబడేది బాంబు పెట్టినవాడు కాదు, పెట్టాడని పోలీసులు అంటున్నవాడు. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతుంటుందో తెలియాలంటే మన ఊరి కథే చాలు.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ పేలుడు జరిగింది. పేలుడులో 9 మంది, ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. ఊరంతా అట్టుడికింది. ఆ తర్వాతి నెలల్లో పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్ళారు. చదువుకునేవాళ్ళు, ఆటోలు నడుపుకునేవాళ్ళు, చిన్నచిన్న షాపుల్లో పనిచేసేవాళ్ళు. కొందరి మీద కుట్ర కేసులు పెట్టారు. కస్టడీలో తమను కొట్టారని, కరెంటు షాకులిచ్చారని వాళ్ళు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన ఒక న్యాయవాది జైలుకు వెళ్ళి వాళ్ళతో మాట్లాడి, చిత్రహింసలు నిజమేనని నివేదిక ఇచ్చారు. కేసులు కోర్టుల్లో నిలబడలేదు. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి నష్టపరిహారం ఇచ్చింది. జైలుకు వెళ్ళొచ్చినవాళ్ళకు 3 లక్షల రూపాయలు, పట్టుకెళ్ళి వదిలేసినవాళ్ళకు 20 వేలు. మంచి నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఉగ్రవాద కేసులో తప్పు జరిగిందని ఒక ప్రభుత్వం ఒప్పుకొని చెక్కు రాయడం మన దేశంలో అరుదు. అది కూడా నిలవలేదు. అలా పరిహారం ఇవ్వడం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది.

ఈ కథలో రెండో సగం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. దర్యాప్తు సీబీఐకి, అక్కడి నుంచి జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి వెళ్ళింది. ఈసారి నిందితులు వేరు, సిద్ధాంతం వేరు. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. అంటే పదకొండేళ్ళ తర్వాత కూడా మసీదులో చనిపోయిన ఆ 9 మందిని చంపిందెవరో ఏ కోర్టూ తేల్చలేదు. మొదట పట్టుకున్న పిల్లల జీవితాలు పోయాయి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు జవాబు రాలేదు. ఇందులో హక్కులు ఓడిపోయి భద్రత గెలిచిందా? నాకైతే రెండూ ఒకేసారి, ఒకే చేతిలో ఓడిపోయాయి అనిపిస్తుంది. ఆ చెయ్యి దర్యాప్తుది.

అందుకే ఒకవైపు భద్రత, ఇంకోవైపు హక్కులు పెట్టి తక్కెడ తూచినట్టు మాట్లాడేవాళ్ళను నేను అంతగా నమ్మను. నాకు కనిపించిన చిక్కు వేరే ఉంది. బెయిలు రాకుండా చట్టం కట్టుదిట్టంగా ఉన్నప్పుడు దర్యాప్తు బాగా చేయాల్సిన అవసరం పోలీసులకు తగ్గిపోతుంది. మనిషి లోపలే ఉన్నాడు కదా, తొందరేముంది? అదెలా జరుగుతుందో చెబుతాను.

ఉపా అని మనం పిలిచే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 1967 నాటిది. మొదట్లో అది సంఘాలను నిషేధించడానికి పెట్టిన చట్టం. ఉగ్రవాదం గురించిన అధ్యాయం 2004లో వచ్చి చేరింది. ముంబయి దాడుల తర్వాత 2008 డిసెంబరులో 43డి సెక్షన్ చేర్చారు. మామూలు కేసులో గరిష్ఠంగా 90 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఇక్కడ దాన్ని 180 రోజుల వరకు పొడిగించొచ్చు. అసలు తాళం మాత్రం 43డి(5)లో ఉంది. కేసు డైరీ లేదా చార్జిషీటు చూసి, ఆరోపణ పైకి నిజమేనని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని కోర్టుకు అనిపిస్తే బెయిలు ఇవ్వకూడదు. ఇవ్వకపోవచ్చు అని కాదు, ఇవ్వకూడదు.

కేసు డైరీ రాసేది ఎవరు? పోలీసులు. చార్జిషీటు రాసేది ఎవరు? వాళ్ళే. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు బిగించింది. బెయిలు దశలో సాక్ష్యాన్ని తూచకూడదు, ప్రాసిక్యూషన్ చూపించినదాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, ఈ కాగితం సాక్ష్యంగా చెల్లుతుందా లేదా అన్న చర్చ ట్రయల్‌లో పెట్టుకోండి అంది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆచరణలో ఎలా ఉంటుందో నా అనుభవం ఒకటి చెబుతాను.

ఒక జిల్లా పట్టణంలో జిరాక్స్ షాపులో పనిచేసే మనిషి. అతని గదిలో నిషేధిత సంస్థ కరపత్రాలు దొరికాయని కేసు. స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా ఉంది, దాని మీద ఇద్దరు పంచుల, అంటే స్వాధీనానికి సాక్షుల, సంతకాలున్నాయి. బెయిలు పిటిషన్ వేశాను. పంచనామాలో రాసిన టైముకు ఆ ఇద్దరిలో ఒకరు ఇంకోచోట ఉన్నట్టు హాజరు పట్టీ చూపించాను. 'అది ట్రయల్‌లో చూస్తాం' అన్నారు. చట్టప్రకారం తప్పు పట్టడానికి లేదు. ఆ పంచు బోనెక్కడానికి మూడేళ్ళ రెండు నెలలు పట్టింది. రెవెన్యూలో కింది స్థాయి ఉద్యోగి, పాపం భయస్తుడు. క్రాస్‌లో పది నిమిషాలు అడిగానో లేదో, 'సంతకం స్టేషన్లో పెట్టానండీ, ఆ ఇంటికి నేను పోలేదు' అనేశాడు. కేసు అక్కడితో అయిపోయింది. పది నిమిషాల పనికి మూడేళ్ళ రెండు నెలల జైలు. అరెస్టయినప్పుడు యూకేజీలో ఉన్న అతని కూతురు బయటికి వచ్చేసరికి నాలుగో క్లాసు. మరి ఆ కరపత్రాలు నిజంగా ఎవరివి? ఆ తర్వాత ఎవరూ వెతకలేదు. దొరికినవాడే దొంగ అనుకున్నప్పుడు మిగతా దొంగల జోలికి ఎవరు పోతారు?

మీరు అనొచ్చు, ఒకటి రెండు కేసుల్లో అలా జరుగుతుంది, మొత్తమ్మీద ఎలా ఉందని. కేంద్ర హోంశాఖ సహాయమంత్రిగా ఉన్నప్పుడు మన కిషన్ రెడ్డి గారే 2021 ఫిబ్రవరిలో రాజ్యసభకు చెప్పిన లెక్క ఇది: 2016 నుంచి 2019 దాకా ఉపా కింద అరెస్టయినవాళ్ళు 5,922 మంది, శిక్ష పడినవాళ్ళు 132 మంది. కాస్త జాగ్రత్తగా చదవాలి. ఆ 132 మంది ఆ 5,922 మందిలోనివాళ్ళే కానక్కర్లేదు, పాత కేసులవాళ్ళూ ఉంటారు. కాబట్టి 'వందలో ఇద్దరే దోషులు' అని ప్రచారం చేయడం తప్పు. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న అగాధం ఏమిటంటే, తీర్పు రాని మనుషులు. దోషులో నిర్దోషులో తేలకుండా లోపల ఎదురుచూస్తున్నవాళ్ళు.

ఇది కొత్త కథేమీ కాదు. 1985లో పంజాబ్ మంటల మధ్య టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది. పంజాబ్ కోసమన్నారు. చివరికి ఉగ్రవాదం పెద్దగా లేని గుజరాత్‌లోనే వేలమందిని ఆ చట్టం కింద లోపలేశారు. మన దగ్గర నక్సలైట్ల పేరుతో వాడారు. దేశం మొత్తమ్మీద సుమారు 76 వేల మందిని పట్టుకుంటే శిక్షలు 2 శాతం కూడా దాటలేదు. ఎస్పీ స్థాయి అధికారి ముందు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లుతుందని అందులో రాశారు. మన స్టేషన్లలో నేరాంగీకారాలు ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు టాడాను చాలావరకు సమర్థించింది కూడా. మరి టాడా ఎలా పోయింది? కోర్టు కొట్టేయలేదు. ఆ చట్టానికి గడువుంది, కొన్నాళ్ళకోసారి పార్లమెంటు పొడిగించాలి. జాతీయ మానవహక్కుల సంఘం అధ్యక్షుడు జస్టిస్ రంగనాథ్ మిశ్రా 1995 ఫిబ్రవరిలో ఎంపీలకు లేఖలు రాశారు, దీన్ని ఇక పొడిగించకండని. ఆ మేలో గడువు ముగిసింది, చట్టం పోయింది.

2002లో అలాంటిదే ఇంకో చట్టం, పోటా వచ్చింది. రాజ్యసభలో ఓడిపోతే ఉభయసభల సంయుక్త సమావేశం పెట్టి 425-296 ఓట్లతో గెలిపించుకున్నారు. పార్లమెంటులో దాన్ని సమర్థించిన తమిళనాడు నాయకుడు వైకో అదే ఏడాది ఒక ప్రసంగం చేసినందుకు తమిళనాడులో అదే పోటా కింద అరెస్టయ్యాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడమంటే ఇదే. అక్షర్‌ధామ్ గుడి మీద దాడి కేసులో పోటా కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసి, దర్యాప్తును తూర్పారబట్టింది. అందరూ ఆ రోజు ఎన్నికల ఫలితాలు చూస్తూ కూర్చున్నారు, ఆ వార్త ఎవరికీ ఎక్కలేదు.

అయినా పోటా గురించి ఒక మంచి మాట చెప్పాలి, ఎందుకంటే నా జవాబంతా దాని మీదే నిలబడి ఉంది. పోటాలో బెయిలు ఇవ్వకూడదన్న కఠిన నిబంధన ఏడాది పాటే. అరెస్టయి ఏడాది దాటితే మామూలు చట్టం ప్రకారం బెయిలు అడగొచ్చు. 2003లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా దాన్ని అలాగే చదివింది. చట్టానికి మూడేళ్ళ గడువూ ఉంది. 2004లో పోటాను రద్దు చేశామని గొప్పగా చెప్పుకున్నారు. రద్దు చేసి అందులోని ఉగ్రవాద అధ్యాయాన్ని చాలామటుకు ఉపాలో పోశారు. పోలీసు ముందు నేరాంగీకారం చెల్లుతుందన్న సెక్షన్ను వదిలేశారు, అది నిజంగా మేలు. కానీ గడువు పోయింది, 2008లో బెయిలు నిబంధన వచ్చినప్పుడు ఆ ఏడాది మినహాయింపూ లేదు. ఉపా శాశ్వత చట్టం. దాన్ని పొడిగించమని ఏ ప్రభుత్వమూ పార్లమెంటు ముందుకు వచ్చి లెక్క చెప్పక్కర్లేదు. నా దృష్టిలో ఈ ఇరవై ఏళ్ళలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే. పేరు చెడ్డ చట్టం పోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నప్పుడు దానికంటే బిగువైనది వచ్చి కూర్చుంది.

ఇంకో చిక్కు, చట్టంలో నిర్వచనాల వెడల్పు. ఉగ్రవాద చర్యకు బాంబులు, తుపాకులు చెప్పి, చివర్లో 'మరే ఇతర విధంగానైనా' అన్నారు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. 2023 జూన్‌లో తెలంగాణలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్లో 2022 ఆగస్టులో పెట్టిన ఎఫ్‌ఐఆర్ ఒకటి బయటపడింది. ఉపా కింద 152 మంది పేర్లు. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ గారు ఉన్నారు. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి సురేశ్ గారి పేరూ ఉంది. ఆయన 2020లోనే చనిపోయారు! చనిపోయిన మనిషి కుట్రలో ఎలా పాల్గొన్నాడని ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. గొడవ కావడంతో కేసు ఉపసంహరించమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆదేశించారు. హరగోపాల్ గారికి పేరుంది, పత్రికలు రాశాయి. అదే జాబితాలో పేరు లేని మనిషి, ఏ జిరాక్స్ షాపు కుర్రాడో ఉంటే? ఎవరి కోసం ముఖ్యమంత్రి ఫోన్ చేస్తాడు?

(చాలామంది పీడీ యాక్టునూ ఉపానూ కలిపేస్తారు. పీడీ యాక్టు ముందస్తు నిర్బంధం, విచారణే ఉండదు, గరిష్ఠంగా ఏడాది. తెలంగాణలో దాన్ని గొలుసు దొంగల మీద కూడా ఎడాపెడా వాడుతుంటే 2023లో సుప్రీంకోర్టు గట్టిగా చీవాట్లు పెట్టింది. అది వేరే కథ.)

ఇక సాయిబాబా గారి కేసు. చిన్న సవరణ: పదేళ్ళూ వరుసగా జైల్లో లేరు. 2014 మేలో అరెస్టయ్యాక మధ్యలో రెండుసార్లు బెయిలు మీద బయట ఉన్నారు. 2017 మార్చిలో యావజ్జీవం పడిన తర్వాత ఏడేళ్ళు మాత్రం వరుసగా నాగపూర్ జైల్లోనే. అమలాపురం మనిషి, ఢిల్లీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవారు, 90 శాతం వైకల్యం, చక్రాల కుర్చీ. 2020లో తల్లి చనిపోతే పెరోల్ దొరకలేదు. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు విడుదల చేయమంది. మర్నాడు శనివారం, సెలవు. అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపేసింది. మళ్ళీ విన్న హైకోర్టు 2024 మార్చి 5న నిర్దోషి అని తేల్చింది. సహ నిందితుల్లో ఒకరైన ఆదివాసీ యువకుడు మొదటి తీర్పుకు ముందే, 2022 ఆగస్టులో, జైల్లోనే చనిపోయాడు. బయటికి వచ్చిన ఏడు నెలలకు, అక్టోబరు 12న, సాయిబాబా గారు నిమ్స్‌లో కన్నుమూశారు.

ఆ కేసు ఏ పాయింట్ మీద మొదట పోయిందో చూడండి. ఉపాలో ప్రాసిక్యూషన్ మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దానికి ముందు ఒక స్వతంత్ర అధికారి సాక్ష్యాలు చూసి సిఫారసు చేయాలి. పౌరుడికి చట్టం ఇచ్చిన కొద్దిపాటి రక్షణల్లో ఇదొకటి. సాయిబాబా విషయంలో అనుమతి వచ్చేసరికి అభియోగాలు నమోదయ్యాయి, ఒక సాక్షి విచారణ కూడా అయిపోయింది. అంటే పెళ్ళయ్యాక ముహూర్తం పెట్టించారు. ఇది 'సాంకేతిక లోపం' అని చాలామంది అన్నారు. బెయిలు తలుపు మూసేసిన చట్టంలో మిగిలిన చిన్న కిటికీ అది. దాన్ని సాంకేతికం అంటే ఇక మిగిలేదేముంది? ఆ అనుమతి గడువులు తప్పనిసరి అని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పడం నాకు పెద్ద ఊరట.

మరి దర్యాప్తు బాగా చేస్తే ఏమవుతుంది? మీరు శబ్దం విన్న కేసే సాక్ష్యం. 2013 ఫిబ్రవరి 21న 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర పేలుళ్ళు, 18 మంది మృతి. అదే ఆగస్టులో ప్రధాన నిందితుల్లో ఒకడైన యాసిన్ భత్కల్ దొరికాడు. చర్లపల్లి జైల్లో విచారణ, 150 మందికి పైగా సాక్షులు. 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్లో తెలంగాణ హైకోర్టు దాన్ని ధ్రువీకరించింది. ఉరిశిక్ష మీద నా అభిప్రాయం వేరు, దాన్ని పక్కన పెడదాం. ఘటన నుంచి తీర్పు దాకా నాలుగేళ్ళు కూడా పట్టలేదు. అక్కడ నేరం రుజువైంది సాక్షులతో, శాస్త్రీయ ఆధారాలతో. 43డి(5) వల్ల ఆ ఐదుగురు లోపల ఉన్నారేమో గానీ, దోషులని తేలింది మాత్రం దానివల్ల కాదు.

ఆ వేగం మిగతా కేసుల్లో ఎందుకు లేదు? ఎన్‌ఐఏ చట్టంలోనే రోజువారీ విచారణ జరగాలని రాసుంది. ఆచరణలో వందల మంది సాక్షుల జాబితా, వేల పేజీల చార్జిషీటు, నెలకో వాయిదా. కేరళకు చెందిన నజీబ్ కేసులో ఐదేళ్ళు దాటినా ఇంకా 276 మంది సాక్షులు మిగిలున్నారు. అప్పుడు, 2021 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు అసలైన మాట అంది: విచారణ ఇప్పట్లో పూర్తయ్యే దారి లేనప్పుడు 43డి(5) ఉన్నా సరే, జీవించే హక్కు, స్వేచ్ఛ గురించిన 21వ అధికరణం కింద రాజ్యాంగ న్యాయస్థానాలు (హైకోర్టులు, సుప్రీంకోర్టు) బెయిలు ఇవ్వొచ్చు. 2023లో గొన్సాల్వెస్ కేసులో సాక్ష్యం విలువను పైపైనైనా చూడాలంది. 2024 ఫిబ్రవరిలో గుర్వీందర్ సింగ్ కేసులో ఇంకో బెంచి, 'బెయిలే నియమం' అన్న మాటకు ఉపాలో చోటు లేదంది. అదే ఏడాది ఆగస్టులో జలాలుద్దీన్ ఖాన్ కేసులో మరో బెంచి, ప్రత్యేక చట్టాల్లోనూ ఆ నియమం వర్తిస్తుందంది. జూనియర్లు నన్ను అడుగుతుంటారు, సార్, ఇప్పుడు లా ఏంటని. ఏ కోర్టు హాల్లో పడిందో చెప్పు, లా చెబుతాను అంటాను. నవ్వుతారు గానీ, లోపల ఉన్నవాడికి అది నవ్వులాట కాదు.

బయటి దేశం నుంచి ఒక్క ఉదాహరణ. 2005 జులైలో లండన్ పేలుళ్ళలో 52 మంది చనిపోయారు. చార్జి పెట్టకుండా 90 రోజులు నిర్బంధించే అధికారం కావాలని బ్లెయిర్ ప్రభుత్వం అడిగింది. పేలుళ్ళు జరిగి నాలుగు నెలలే, అయినా సొంత పార్టీ ఎంపీలు కూడా తిరగబడి 322-291తో ఓడించారు. 28 రోజులకు ఒప్పుకున్నారు, 2011లో అది 14కు దిగింది. మన 180 రోజుల పక్కన పెట్టి చూడండి. అక్కడ ఉగ్రవాద చట్టాలు ఎలా అమలవుతున్నాయో చూసి ఏటా నివేదిక ఇచ్చే స్వతంత్ర సమీక్షకుడు ఒకరుంటారు. రహస్య పత్రాలు కూడా ఆయన చూడొచ్చు. మనకు అలాంటివాళ్ళు ఎవరూ లేరు.

కాబట్టి గీత ఎక్కడ అంటే, నా జవాబు ఇది. మొదటి ఏడాది కఠినంగా ఉండనీయండి, నాకు అభ్యంతరం లేదు. నిజమైన ఉగ్రవాద కేసులో సాక్షులను బెదిరించేవాళ్ళుంటారు, సరిహద్దు దాటిపోయేవాళ్ళుంటారు. డిఫెన్స్ వకీలునైనా ఇది కాదనలేను. ఏడాది దాటాక మాత్రం పోటాలో ఉన్నట్టు మామూలు బెయిలు చట్టం వర్తించాలి. అప్పుడు విచారణ త్వరగా నడపాల్సిన తొందర ప్రాసిక్యూషన్‌కే ఉంటుంది. చట్టానికి గడువు పెట్టి, ఐదేళ్ళకోసారి పార్లమెంటు ముందు లెక్కలు పెట్టించాలి. నిర్దోషిగా తేలినవాడికి పరిహారం హక్కుగా రావాలి, ఒక ప్రభుత్వం దయతో ఇస్తే ఇంకో కోర్టు కొట్టేసేలా కాదు. ఇందులో ఏదీ బాంబు పెట్టినవాణ్ని కాపాడదు. ఇంకా చెప్పాలంటే వాణ్ని వదిలేసి పక్కవాణ్ని పట్టుకునే అలవాటును కాస్త తగ్గిస్తుంది.

చివరగా, మీరు అడగకపోయినా, మీ చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే పనికొచ్చే మాట. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. 2024 మేలో పుర్‌కాయస్థ కేసులో సుప్రీంకోర్టు ఉపాకూ ఇది వర్తిస్తుందని చెప్పింది. ఆ కాగితం అడిగి తీసుకోండి. 90వ రోజు దగ్గర పడుతుంటే గడువు పొడిగించారా, ఏ కోర్టు పొడిగించింది, ఆ కోర్టుకు అధికారం ఉందా అని చూడండి. భీమా కోరేగావ్ కేసులో సుధా భరద్వాజ్‌కు 2021 డిసెంబరులో డిఫాల్ట్ బెయిలు (గడువులోగా చార్జిషీటు పడకపోతే హక్కుగా వచ్చే బెయిలు) వచ్చింది ఆ పాయింట్ మీదే, గడువు పొడిగించిన కోర్టుకు ఆ అధికారం లేదని. అదే తీర్పులో వరవరరావు గారితో సహా ఎనిమిది మందికి రాలేదు. కోర్టు చెప్పిన కారణం: హక్కు పుట్టిన సమయంలో వాళ్ళు డిఫాల్ట్ బెయిలు పిటిషన్ వేయలేదు. చార్జిషీటు పడిందంటే ఆ హక్కు పోయినట్టే. అందుకని పిటిషన్ ముందు రోజే టైపు చేయించి, సంతకాలతో సిద్ధంగా ఉంచుకోండి. గడువు దాటిన రోజు పొద్దున్నే, కోర్టు తెరవగానే ఫైల్ చేయాలి.